ఫైన్ అంటే సరిపోదమ్మా

ప్రొద్దుటూరు

చిరంజీవి శైలజకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అవ్వ మందులు వేళకు వేసుకుంటోంది. మీ అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. మంగమ్మత్త కొడుకు పండగకు వచ్చి వెళ్లాడు, ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఈమధ్య ఏమడిగినా ఫోనులో ‘ఫైన్’ అని ఒక్క మాట పంపుతున్నావు. ఆరోగ్యం ఫైన్, ఉద్యోగం ఫైన్. ఇన్నేళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి, మాట దగ్గర ఆగకుండా ఉండలేను. నిఘంటువు తీశాను.

పోలీసులు వేసే ఫైనుకూ నువ్వు పంపే ఫైనుకూ మూలం ఒకటేనమ్మా. లాటిన్‌లో ‘ఫీనిస్’. హద్దు, ముగింపు అని అర్థం. మనం దస్తావేజులో నాలుగు వైపుల హద్దులు రాసే చెక్కుబందీ లాంటిది. చివరిదాకా మెరుగుపెట్టినది కాబట్టి నాణ్యమైనది, సన్ననిది, బాగున్నది అయింది. మన ఊరి నగల మీద 916 అని కొడతారే, దాన్నీ ఫైన్‌నెస్ అంటారు. వెయ్యి పాళ్లలో 916 మేలిమి. తగవు ముగియడానికి కట్టే సొమ్ము జరిమానా అయింది. బాకీ తీర్చడం నుంచే ఫైనాన్స్ వచ్చింది.

ఇంగ్లండులో భూమి చేతులు మారేటప్పుడు కోర్టులో రాసుకునే రాజీనీ ఫైన్ అనేవారు. ఒకే తోలు పత్రం మీద ఒడంబడికను మూడుసార్లు రాసి, అంచులు వంకరగా కోసి, చెరొక ముక్క ఇచ్చేవారు. 1195 నుంచి అడుగు ముక్కను ఖజానాలో దాచారు. దొంగపత్రం తెస్తే అంచులు కలవవు! 1833లో చట్టం చేసి ఆ పద్ధతి ఎత్తేశారు.

పులివెందుల వైపు అన్నదమ్ములిద్దరు చీనీతోట పంచుకోవడానికి నా దగ్గరకు వచ్చారు. పొలం మీద బాకీలేమైనా ఉన్నాయా అని అడిగితే, ‘అంతా బాగుంది, రాయండి’ అన్నాడు అన్న. ఆస్తి మీది తాకట్లు చూపే ఈసీ పత్రం తీయిస్తే బోరు కోసం పెట్టిన తాకట్టు బయటపడింది. అన్న తల వంచుకున్నాడు, పంచె చెంగు వేళ్లకు చుట్టుకుంటూ. తమ్ముడు కేకలేస్తాడనుకున్నాను. ‘ఇన్నాళ్లూ వడ్డీ నువ్వొక్కడివే కట్టావా అన్నా?’ అని అడిగాడంతే. బాకీ చెరిసగం భరించేట్టు ఆ పూటే షరతు రాయించుకున్నారు. ఇంట్లోవాళ్ల దగ్గర దాచిన బాకీకి వడ్డీ ఎక్కువ తల్లీ.

మంగమ్మత్త కొడుకు నువ్వు ఆ ఆఫీసుకు రావడం లేదన్నాడు. వాడి మాట పట్టుకుని అడగడం లేదు. ఉద్యోగం మారడం తప్పూ కాదు. మారితే మాత్రం రిలీవింగ్ లెటరు, పీఎఫ్ కాగితాలు జాగ్రత్తగా తీసుకో, చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకు. బెంగళూరులో అద్దెలు తక్కువేమీ కావు, అడ్వాన్సు సంగతి చూసుకో. చేతిలో లేకపోతే చెప్పు, చీటీ డబ్బు నా దగ్గరే ఉంది. రాత్రిళ్లు బిస్కెట్లతో సరిపెట్టుకోవద్దు.

బస్సులో డబ్బా పంపుతున్నాను. పైన వేరుశెనగ పొడి, అడుగున ఓళిగలు. ముందు ఓళిగలు తినేయి, పాడవుతాయి. ఆదివారం పొద్దున మీ అమ్మ గుడికి వెళుతుంది, తొమ్మిదింటిదాకా రాదు. అప్పుడు ఫోను చెయ్యి.

మీ నాన్న