తలుపు దగ్గరే అడుగు

యానాం

అమ్మలూ,

నీ ఫ్రెండ్ పుట్టినరోజుకి అందరూ తలా అయిదు యూరోలు వేస్తే నువ్వొక్కదానివే యాభై వేశానని నిన్న ఫోన్లో చెబితే మీ అమ్మ పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అడగడానికి మొహమాటపడ్డావన్నమాట. నీ ఫ్రెంచి క్లాసు పుస్తకంలో ధర అడగడానికి ఓ పొడుగాటి వాక్యం నేర్పి ఉంటారు. లియోన్‌లో స్నేహితుల మధ్య అలా అడిగితే వింతగా చూస్తారు. 'కొంబ్యాఁ', అంటే 'ఎంత' అన్న మాటని చివరికి తోసి, కాస్త గొంతు లేపితే చాలు. "ఓఁ మే కొంబ్యాఁ?" అంటే, మనం ఎంతెంత వేసుకుంటున్నాం అని.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, 2004లో పారిస్‌లో నేనూ ఇలాగే తిన్నాను దెబ్బ. హోటల్ వంటింట్లో గిన్నెలు తోమి రాత్రి రూముకొస్తే తాళం చెవి లోపలే ఉండిపోయింది. తాళాలు తీసేవాణ్ణి పిలిచాను. రేటు అడిగితే ఏమనుకుంటాడో అని ఊరుకున్నా. పది నిమిషాల్లో తలుపు తీసి "దొ సాఁ కాత్ర్ వాఁ దిస్" అన్నాడు. నాకు 'దొ సాఁ కాత్ర్' వరకే చెవిన పడింది. రెండొందల నాలుగు లెక్కపెట్టి ఇచ్చాను. వాడు చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. వాళ్ల లెక్కలో తొంభై అంటే నాలుగిరవైల మీద పది. అంటే 290! అది నా వారం జీతం కన్నా ఎక్కువ.

పని మొదలెట్టకముందే అడగాల్సిన మాట ఒకటుంది: "సా వా షెర్షే దాఁ లే కొంబ్యాఁ?" మాటకి మాట పెడితే 'ఇది ఎంతల్లోకి పోయి వెతుక్కుంటుంది' అని వస్తుంది. మనం 'ఎంతలో తేలుతుందండీ' అంటామే, అదే. "దాఁ లే దొ సాఁ" అన్నాడనుకో, 'ఓ రెండొందలు అవుద్ది' అని. మన 'ఓ' లాగే అందులో కొంచెం అటూ ఇటూ ఉంటుంది. పెద్ద పనైతే 'దెవీ' అడుగు, అంచనా కాగితం మీద రాసిస్తారు.

"తూ తూష్ కొంబ్యాఁ?" అనేది జీతం అడిగే మాట. తూషే అంటే ముట్టుకోవడం. మనకీ డబ్బు 'ముడుతుంది' కదా, ఈ ఒక్కచోట రెండు భాషలూ భలే కలిశాయి. కానీ ఈ మాట నువ్వు ఎవర్నీ అడక్కు తల్లీ. మనవాళ్లు బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి రెండు స్టాపులు దాటేలోగా జీతమెంతని అడిగేస్తారు. అక్కడ దగ్గరి స్నేహితులు కూడా అడగరు, మొహం ముడుచుకుంటారు. నీకిచ్చే జీతం గురించైతే మాత్రం సిగ్గుపడక్కర్లేదు. "సె నెట్ ఊ బ్రూట్?" అని అడుగు. బ్రూట్ అంటే కోతలకి ముందు లెక్క, చేతికొచ్చేది నెట్.

కొత్త రూమ్ చూస్తున్నావుగా. అద్దె చెప్పగానే "షార్జ్ కొంప్రీజ్?" అని అడుగు, నీళ్లూ గట్రా కలిపేనా అని. ఆ మాటలోనే కొంప ఉంది, అడక్కపోతే మునుగుతుంది. సామాను ఉన్న రూమైతే డిపాజిట్ ఆ ఛార్జీలు కలపని అద్దెకి రెండు నెలలు మించకూడదు. ఖాళీ రూమైతే ఒక్క నెలే.

పనివాళ్లతో 'వూ' (మీరు) అనే మాట్లాడు, 'తూ' (నువ్వు) అనకు. గీజర్ బాగుచేసేవాడు శనివారం వస్తాడన్నావు. తలుపు దగ్గరే అడుగు. ఎంతన్నాడో ఆ రాత్రికే ఫోన్ చేసి చెప్పు.

మీ నాన్న