కాఫీ షాపు పెడతానన్న అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు ఉద్యోగం మానేసి బెంగళూరులో కాఫీ షాపు పెడతానన్న దగ్గర్నుంచీ మీ అమ్మకి సరిగ్గా నిద్ర లేదు. "మీరైనా దానికి నచ్చజెప్పండి" అంటోంది. తెలియని విషయం మీద నచ్చజెప్పడానికి నాకు మనసొప్పలేదు. ముందు ఆ వ్యాపారం ఎలా సాగుతుందో కళ్లారా చూద్దామని, విశాఖలో మన ఎంవీపీ కాలనీలో రైతుబజారుకి కాస్త అవతల ఉన్న కాఫీ షాపుకి పొద్దున్న నడక అయ్యాక వెళ్తున్నాను. చూసింది చూసినట్టు రాస్తాను.

అదొక పాత ఇంటి కింది వాటా. వరండాలో కొన్ని బల్లలు, లోపల గదిలో మరికొన్ని. ఒక కుర్రాడూ, వాళ్ల అక్కా నడుపుతున్నారు. ఏడింటికల్లా తెరుస్తారు. ఆ వేళకి వచ్చేది నాలాంటి రిటైరైనవాళ్లు, పిల్లల్ని ట్యూషన్‌లో దింపి అది అయ్యేదాకా కూర్చునే తల్లులు. పదకొండు దాటితే ల్యాప్‌టాప్‌ల వాళ్లు, సాయంత్రం కాలేజీ పిల్లలు.

కాఫీ కలిపేటప్పుడు ఆ కుర్రాణ్ణి చూడాలి. పిడి ఉన్న చిన్న గిన్నెలో పొడి పట్టి, త్రాసు మీద పెట్టి 18 గ్రాములు ఉందో లేదో చూసుకుంటాడు. వేలితో సమం చేసి, బరువైన ఇనప దిమ్మెతో ఒక్కసారి అదిమి మెషీన్‌కి బిగిస్తాడు. దాదాపు 9 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లతో, వేడినీళ్లు ఆ పొడిలోంచి దిగుతాయట. 25 నుంచి 30 సెకన్లలో డికాక్షన్ తేనె జారినట్టు సన్నటి ధారగా దిగాలి. గబగబా దిగిపోయిందంటే పొడి మరీ గరుకుగా ఉన్నట్టు. అప్పుడది పారబోసి, గ్రైండర్ కొంచెం సన్నానికి తిప్పి మళ్లీ పెడతాడు. మొన్న ముసురు పట్టిన రోజు నా కళ్లముందే రెండు కప్పులు పారబోశాడు. "ఆ తేడా నాకెలాగూ తెలీదు కదా బాబూ" అంటే, "నాకు తెలుసు కదా మాస్టారూ" అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. నీకు రాయాలనిపించింది కూడా అందుకే.

గింజలు ఎక్కడివని అడిగితే పాడేరు వైపువి అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. నేను అక్కడ పనిచేసే రోజుల్లో నువ్వు చాలా చిన్నపిల్లవి. మినుములూరు దారిలో వెళ్తుంటే తోటల్లోంచి మల్లెపూల వాసన వస్తోందని నా చెయ్యి పట్టుకుని ఆపేసేదానివి. అది కాఫీ పువ్వు. ఎండాకాలం తొలి జల్లు పడ్డాక కొమ్మ కొమ్మకీ తెల్లగా విరగబూస్తుంది, నాలుగు రోజులుంటే గొప్ప. నవంబరు నుంచి పళ్ల కోత. ఒకే కొమ్మ మీద ఒక పండు ఎర్రగా, పక్కది ఇంకా పచ్చిగా ఉంటుంది. ఎర్రవే ఏరుకోవాలి కాబట్టి ఆ చెట్టు దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లాలి. నా క్లాసులో పిల్లలు ఆ సీజన్‌లో సగం మంది బడికి వచ్చేవాళ్లు కాదు, తోటల్లో ఉండేవాళ్లు. కోసిన పళ్లకి ఆ రోజే తోలు తీయాలి, జిగురు పోయేదాకా కడగాలి, ఆరబెట్టాలి. ఇంతా చేస్తే ఐదారు కిలోల పళ్లకి కిలో గింజ దక్కుతుంది.

అంత చేసినవాళ్లకి అప్పట్లో సంతలో దళారి చెప్పిందే ధర. గిరిజన సహకార సంస్థ కొనడం మొదలుపెట్టాక కొంత మారింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు వెలిసింది, 2019లో అరకు అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ తోటలకి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మనం మాత్రం ఎక్కడి గింజో తెలియని పొడి కొనుక్కుని తాగుతూ వచ్చాం. కాఫీ పొడిలో కలిపే చికోరీ మీద నాకేం కోపం లేదు, మీ అమ్మ పెట్టే ఫిల్టర్ కాఫీ లేకుండా నాకు తెల్లారదు. కానీ నా క్లాసు పిల్లల అమ్మానాన్నలు పండించిన గింజని మన వీధిలో కూర్చుని తాగుతుంటే నా కళ్లు చెమర్చాయి తల్లీ.

లెక్క కూడా వేశాను. కప్పుకి 18 గ్రాములంటే కిలోకి యాభై ఐదు కప్పులు. కప్పు 150 రూపాయలు. పైకి చూస్తే అబ్బో అనిపిస్తుంది. గింజలకన్నా పాలకే ఎక్కువవుతోందని ఆ కుర్రాడి అక్క చెప్పింది. అద్దె, కరెంటు, మెషీన్ మీద బ్యాంకు వాయిదా, గిన్నెలు కడిగే మనిషి జీతం పోగా మిగిలేది కొంచెమే. ఆదివారం రద్దీని చూసి ఎవరూ మురిసిపోకూడదట. మంగళవారం మధ్యాహ్నం షాపులో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టే నెల గడుస్తుందట. అందుకని అద్దె ఎక్కువున్న మెయిన్ రోడ్డు వద్దు. నడిచి వచ్చేవాళ్లున్న వీధి చూసుకో, నాలుగు రకాల వేళల్లో అక్కడ నిలబడి ఎవరు తిరుగుతున్నారో గమనించు. ఎత్తు స్టూళ్లు పెట్టకు. ఇక్కడ మొదట అవే ఉంటే మోకాళ్ల నొప్పులవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి వెళ్లేవాళ్లట. చేతులున్న కుర్చీలు వేశాక మా బ్యాచ్ అంతా అక్కడే చేరింది. మెనూలో ఫిల్టర్ కాఫీ తప్పకుండా ఉంచు. పాట పెట్టినా పక్కవాడి మాట వినపడేంత మెల్లగా పెట్టు. పక్క బల్ల దగ్గర కూర్చునే బ్యాంకాయనతో నాకు స్నేహం అలాగే కుదిరింది. ఈ కాలనీకి వచ్చి ఇన్నేళ్లయినా మాకు పరిచయమే లేదు!

నువ్వు ఈ పని చేయగలవు. కానీ ఉద్యోగం ఇప్పుడే వదలకు. శని, ఆదివారాలు ఎవరి షాపులోనైనా కౌంటర్ వెనక నిలబడు. కాళ్లు పీకుతున్నా కప్పు పారబోసే ఓపిక నీకుందేమో చూసుకో. ఉందనిపిస్తే నా రిటైర్మెంట్ డబ్బులో కొంత ఇస్తాను, అది అప్పు అనుకోకు.

డిసెంబర్లో వారం సెలవు పెట్టి రా. పళ్ల కోత మంచి జోరు మీద ఉంటుంది, పాడేరు వెళ్దాం. నా పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఇప్పుడు సొంత తోటలు చేస్తున్నారు, వాళ్లతో నేరుగా మాట్లాడుకోవచ్చు. ధర దగ్గర మాత్రం వాళ్లతో బేరాలాడకు.

అమ్మతో నేను సగం చెప్పాను. మిగతా సగం నువ్వే ఫోన్ చేసి చెప్పు, రాత్రి తొమ్మిది తరవాతైతే తీరిగ్గా వింటుంది.

మీ నాన్న