పేరు కూడా అడగని ఆ ల్యాబ్ చెల్లికి

ఇవాళ ఏడో రోజు, ఇప్పుడే ఆఖరి మాత్ర వేసుకున్నా. నీరసంగా ఉంది, నోట్లో ఆ ఇనుము రుచి ఇంకా పోలేదు, అయినా ఇది రాశాకే పడుకుంటా.

ఐదు నెలలుగా నాకు వైట్ డిశ్చార్జ్. పల్చగా, బూడిదరంగులో, చేప వాసన. దురద పెద్దగా లేదు, బాధంతా ఆ వాసనే. ఎవరైనా పక్కన కూర్చుంటే నేనే లేచి దూరంగా వెళ్ళేదాన్ని. రోజుకి మూడుసార్లు లోపలిదాకా వాష్ పెట్టి కడిగేదాన్ని, కడిగేకొద్దీ ఎక్కువైంది. మూడు చోట్ల చూపించుకున్నా, మూడు చోట్లా పరీక్ష చెయ్యకుండానే ఫంగస్ అనేసి ఫ్లూకోనజోల్ రాసి పంపేశారు.

నాలుగో చోట డాక్టర్ గారు చూసి, శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపారు. అక్కడుంది ఈ అమ్మాయి, నాకన్నా బాగా చిన్నది. స్లైడ్ మీద ఏదో మందు చుక్క వేసింది, అంతే, ఆ వాసన గుప్పుమని గదంతా కొట్టింది. నేను సిగ్గుతో తల దించేసుకున్నా. తనైతే మొహం తిప్పుకోలేదు, మాస్క్ కూడా సర్దుకోలేదు. "అక్కా, ఈ వాసనే మాకు టెస్టు, ఇది వస్తేనే జబ్బేంటో తేలేది" అంది. ఐదు నెలలు నేను దాచుకుంటూ తిరిగిన దాన్ని తను అంత మామూలుగా చెప్పేసరికి ఏడుపు ఆగలేదు. తన స్టూల్ నాకిచ్చి, తను నిలబడి, మైక్రోస్కోప్‌లో చూడమంది. కణాల అంచుల నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు, అవే బ్యాక్టీరియా అంట. మామూలుగా లోపల లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియా యాసిడ్ తయారుచేసి పీహెచ్ (యాసిడ్ ఎంతుందో చెప్పే కొలత, యాసిడ్ ఎక్కువుంటే ఇది తక్కువ) 4.5 దాటకుండా చూస్తుందంట, అది తగ్గిపోతే మిగతావి పెరిగిపోతాయి, నాకు అదే జరిగింది. "మీరు శుభ్రంగా లేక వచ్చింది కాదక్కా, ఆ కడగడం మాత్రం ఆపెయ్యండి" అంది. బయట జనం ఉన్నా నా ఏడుపు తగ్గేదాకా పంపలేదు.

జబ్బు పేరు బ్యాక్టీరియల్ వజైనోసిస్. మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, 7 రోజులు, మధ్యలో తగ్గినా ఆపొద్దన్నారు. మళ్ళీ మళ్ళీ వచ్చే రకం కాబట్టి వస్తే సొంతంగా మందులు వాడకుండా రమ్మన్నారు. ఫంగస్‌కైతే విరిగిన పాలలా గడ్డగా, విపరీతమైన దురదతో ఉంటుందట, ఫంగస్ మందు దీనికి పనిచెయ్యదట. ఆ స్లైడ్ చూడటానికి పది నిమిషాలు కూడా పట్టలేదండీ, ఆ పది నిమిషాలు ముందు మూడు చోట్ల ఎందుకు దొరకలేదు? కౌంటర్లో అందరి ముందు "ఏంటి ప్రాబ్లం, గట్టిగా చెప్పండి" అని అరిపించే బదులు ఒక చీటీ మీద రాయించుకోవచ్చు కదా? నాలా ఎంతమంది చెప్పలేక వెనక్కి వెళ్ళిపోయుంటారో.

మా ఆయన, అమ్మ, అక్క ఎలాగూ ఉన్నారు, వాళ్ళకి థాంక్స్ ఇంట్లోనే చెప్తా.

అయ్యో, అసలు ఆ డాక్టర్ గారికే థాంక్స్ చెప్పలేదు, క్షమించండి మేడమ్, పరీక్ష చేసింది మీరే కదా. మెడికల్ షాప్‌లో మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో స్ట్రిప్ మీద పెన్నుతో రాసిచ్చిన అన్నకి కూడా. ఇంకా లైన్లో నా ఫైలు పట్టుకుని నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చిన పెద్దావిడ, మీ మొహం గుర్తుంది అమ్మా.