ఆరోగ్య ఉపసంఘం వార్షిక నివేదిక, 2025–26

సర్వసభ్య సమావేశానికి వచ్చిన కాలనీ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది ఉపసంఘం నాలుగు పనులు పెట్టుకుంది. పిల్లల టీకా కార్డుల పరిశీలన, కుక్కకాటు మీద అవగాహన, పెద్దలకు బీపీ పరీక్షలు, కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరిగే ఆరోగ్య సందేశాలకు డాక్టరుగారి చేత జవాబు. మొదటి రెండూ బాగానే సాగాయి, మూడోది మధ్యలో ఆపాల్సి వచ్చింది, నాలుగోది ఎప్పటికీ తెమిలే పని కాదు. హాజరు పట్టికలు సంఘం ఆఫీసులో ఉన్నాయి, జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. కాబట్టి ఇక్కడ పిల్లల డాక్టరుగారు, బస్తీ దవాఖానా సిబ్బంది చెప్పిన వాటిలో ఇంట్లో పనికొచ్చేవే రాస్తున్నాం.

టీకా కార్డులు

టీకా వద్దని తెగేసి చెప్పే ఇళ్లు బహు తక్కువ. "తర్వాత వేయిద్దాంలే" అనేవే ఎక్కువ. ఆ "తర్వాత" ఎక్కడ పడుతుందో కార్డు చూస్తే తెలిసిపోతుంది. పుట్టగానే ఆసుపత్రిలో వేసే బీసీజీ (క్షయ టీకా), పోలియో చుక్కలు, 24 గంటల్లోపు వేయాల్సిన హెపటైటిస్ బి సాధారణంగా తప్పిపోవు. నెలన్నర సూదీ పడుతుంది. గళ్లు ఖాళీగా కనిపించేది రెండున్నర, మూడున్నర నెలల దగ్గర. పుట్టింట్లో పురుడు పోసుకున్న తల్లి మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తగారింటికి వచ్చే సమయం అది. కార్డు అక్కడి బీరువాలో ఉండిపోతుంది. బిడ్డ వచ్చిన సంగతి ఇక్కడి ఏఎన్ఎంకు (టీకాలు వేసే ప్రభుత్వ నర్సుకు) తెలియదు. ప్రయాణానికి ముందే కార్డులో ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి, వచ్చిన వారంలో ఆశా కార్యకర్తకు చూపించండి. యూ-విన్‌లో (ప్రభుత్వ టీకాల ఆన్‌లైన్ రికార్డులో) నమోదై ఉంటే ఏ ఊళ్లో వేసిన మోతాదైనా ఫోన్ నంబరుతో కనిపిస్తుంది. పుట్టింటివాళ్ల నంబరుతో నమోదు చేయించి మర్చిపోవడం మాత్రం మామూలే, అదొకటి సరిచూసుకోవాలి.

రెండో ఖాళీ ఏడాదిన్నర దగ్గర. 16 నుంచి 24 నెలల మధ్య తట్టు–రుబెల్లా (ఎంఆర్) రెండో మోతాదు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, పోలియో బూస్టర్ పడాలి. బిడ్డ నడుస్తుంటాడు, తింటుంటాడు, ఇంక సూదులతో పనేముందన్న ధీమా వస్తుంది. 5–6 ఏళ్లకు డీపీటీ రెండో బూస్టర్, 10, 16 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) వచ్చేసరికి కార్డు ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తుండదు.

నెలల లెక్కలో ఇంకో పొరపాటు జరుగుతోంది. ఎంఆర్ మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక వేయాలి. మనం "తొమ్మిదో నెల" అంటే ఎనిమిది నిండి తొమ్మిది నడుస్తున్నట్టు. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు (రోగాన్ని ఎదుర్కొనే పదార్థాలు) అప్పటికి బిడ్డ ఒంట్లో ఇంకా ఉంటాయి, టీకాను సరిగా పట్టనివ్వవు. తొమ్మిది నిండాక వేసినా నూటికి సుమారు 85 మందికే పడుతుంది, మిగిలినవాళ్ల కోసమే రెండో మోతాదు. తట్టు వచ్చిన ఒక్క బిడ్డ, టీకా లేనివాళ్ల మధ్య ఉంటే, 12 నుంచి 18 మందికి అంటించగలదు. అందుకే నూటికి 95 మందికి రెండు మోతాదులూ పడాలంటారు.

ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఆగినచోటి నుంచి, కనీసం నాలుగు వారాల ఎడంతో కొనసాగిస్తారు. ప్రభుత్వ కార్యక్రమంలో బీసీజీ ఏడాది వరకు, ఎంఆర్ అయిదేళ్ల వరకు, డీపీటీ ఏడేళ్ల వరకు వేస్తారు. జలుబు, కొద్దిపాటి జ్వరం, రెండు విరేచనాలు, పళ్లు రావడం టీకా ఆపడానికి కారణాలు కావు. జ్వరం తీవ్రంగా ఉన్నా, వెనకటి మోతాదుకు తీవ్రమైన అలర్జీ వచ్చినా డాక్టరు నిర్ణయిస్తారు. టీకాలు బుధ, శనివారాల్లో వేస్తున్నారు.

సూది తర్వాత

ఎక్కువ ప్రశ్నలు వచ్చింది ఈ భాగానికే. అరగంట అక్కడే కూర్చోవాలి. తీవ్రమైన అలర్జీ అరుదు, వస్తే ఎక్కువగా ఆ కాస్త సేపట్లోనే వస్తుంది, మందూ అక్కడే ఉంటుంది. పెంటా (అయిదు జబ్బులకు కలిపి వేసే టీకా) వేసిన తొడ కాస్త వాచి, ఒకటి రెండు రోజులు జ్వరం రావడం మామూలు. చల్లని తడిగుడ్డ వేయొచ్చు. రుద్దడం, వేడి కాపడం వద్దు. బీసీజీ వేసినచోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, చితికి, మచ్చ పడుతుంది. దానికి పసుపు, నూనె, పౌడరు ఏదీ పెట్టకూడదు.

అసలు ప్రమాదం పారాసిటమాల్ దగ్గర ఉంది. బిడ్డ బరువులో కిలోకు 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు, మోతాదుకూ మోతాదుకూ ఆరు గంటలు. నెలన్నర బిడ్డ నాలుగున్నర కిలోలుంటే సుమారు 67 మిల్లీగ్రాములు. చుక్కల మందు సీసాలో ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములుంటాయి, కాబట్టి 0.6 ఎంఎల్ చాలు. సిరప్‌లో అయిదు ఎంఎల్‌కు 125 మిల్లీగ్రాములే, అది రెండున్నర ఎంఎల్ పోయాలి. అయిదు ఎంఎల్‌కు 250 ఉండే సిరప్ కూడా ఉంది. పెద్ద బిడ్డకు తెచ్చిన సిరప్ కొలత గుర్తుపెట్టుకుని అదే రెండున్నర ఎంఎల్ చుక్కల మందు పోస్తే మోతాదు దాదాపు నాలుగింతలవుతుంది, దెబ్బ కాలేయానికి. రెండు సీసాల మీదా బొమ్మ ఒకటే, రంగు ఒకటే. మూత తీసేముందు "ఒక ఎంఎల్‌కు" అని ఉందా, "అయిదు ఎంఎల్‌కు" అని ఉందా చదవండి. టీకాకు ముందే జ్వరం మందు పోయకండి. జ్వరం రెండు రోజులు దాటినా, మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ మగతగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మెడికల్ షాపులో టీకా కొని క్లినిక్‌కు తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండ దెబ్బ గురించి అందరికీ తెలుసు, గడ్డకట్టడం గురించి తెలియదు. పెంటా, హెపటైటిస్ బి, టీడీ లాంటి వాటిలో అల్యూమినియం లవణం ఉంటుంది. ఒక్కసారి గడ్డకడితే అది ఉండలు కడుతుంది, కరిగినా పనిచేయదు. నేరుగా ఐసు ముక్కల మీద పెట్టడం, ఇంటికి తెచ్చి ఫ్రీజర్‌లో దాచడం రెండూ తప్పే. టీకాల డబ్బాలో పెట్టే ఐస్‌ప్యాకులను ఏఎన్ఎంలు చెవి దగ్గర ఊపి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే లోపల పెట్టేది ఇందుకే. ప్రభుత్వ టీకా సీసా మీద గుండ్రటి గుర్తు మధ్యలో చిన్న చదరం ఉంటుంది. చదరం చుట్టూ ఉన్న వలయం కంటే లేత రంగులో ఉంటే వాడొచ్చు. రెండూ ఒకే రంగులోకి వస్తే పారేయాలి. చూపించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కుక్కకాటు

మన వీధుల్లో ఇది ఏడాది పొడవునా ఉండే గొడవ. కరిచిన వెంటనే పారే నీళ్ల కింద, సబ్బుతో, గడియారం చూసుకుని 15 నిమిషాలు కడగాలి. కడిగాక పొవిడోన్ అయోడిన్ రాయొచ్చు. కారం, సున్నం, కాఫీ పొడి, పసుపు, పసరు ఏదీ పెట్టకూడదు. అవి పుండును మండించడమే కాదు, కడగాల్సిన పావుగంటను తినేస్తాయి. గాయానికి వెంటనే కుట్లు వేయించకూడదు. తప్పనిసరైతే రేబిస్ సీరం (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధ ప్రతిరక్షకాలు) ఇచ్చాకే, వదులుగా వేస్తారు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా పోలేదు. ఆ పాత టీకా వాడకం మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి 0.1 ఎంఎల్ చొప్పున రెండు భుజాలకూ, 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28. సున్నా రోజంటే మొదటి సూది పడిన రోజు. పిరుదుకు వేయకూడదు. రక్తం వచ్చేలా కరిచినా, కుక్క నాకినప్పుడు నోరు, కన్ను లాంటి తడి భాగాలకు ఎంగిలి తగిలినా టీకా ఒక్కటీ చాలదు. టీకా పనిచేయడం మొదలయ్యే లోపు అడ్డుకోవడానికి సీరాన్ని గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తారు. మోతాదు బరువును బట్టి: గుర్రం సీరమైతే కిలోకు 40 యూనిట్లు, మనిషి సీరమైతే 20. మొదటి రోజు దొరక్కపోతే ఏడో రోజు దాకా ఇవ్వొచ్చు.

ఎక్కువమంది తప్పేది 28వ రోజు సూది. అప్పటికి గాయం మానిపోతుంది. "కుక్క బాగానే ఉందిగా, పది రోజులు చూద్దాం" అని మొదటి సూదే ఆపడం అంతకంటే పెద్ద తప్పు. ముందు మొదలుపెట్టాలి, కుక్కను చూడటం ఆ పక్కన సాగాలి. పదో రోజుకూ అది ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదుల సంగతి డాక్టరు చెబుతారు. ఇంతకుముందు పూర్తి కోర్సు తీసుకున్నవాళ్లకు 0, 3 రోజుల్లో రెండే, సీరం అక్కర్లేదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించే వైద్యం లేదు.

వాట్సాప్ సందేశాలు

గ్రూపులో ఒక నియమం పెట్టాం: ఆరోగ్య సందేశం పంపేవాళ్లు అది ఏ తేదీది, ఏ ఊరిది, ఎవరు చెప్పింది అన్నవి రాయాలి. మూడూ లేనివి వాటంతటవే తగ్గాయి. వచ్చినవాటికి ఎగతాళి లేకుండా జవాబివ్వాలని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నలుగురిలో నవ్వులపాలైన తల్లి మళ్లీ నోరెత్తి అడగదు, ఆ సందేహం మాత్రం అలాగే ఉండిపోతుంది.

తట్టు టీకాతో ఆటిజం వస్తుందన్న మాట 1998లో బ్రిటన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ రాసిన వ్యాసంతో పుట్టింది. అందులో ఉన్నది 12 మంది పిల్లలు. 2010లో లాన్సెట్ పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, ఆయన వైద్య గుర్తింపూ ఆ ఏడాదే పోయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను గమనించిన అధ్యయనం 2019లో వచ్చింది. టీకా వేయించుకున్నవాళ్లలో ఆటిజం పెరగలేదు. మాటలు ఆలస్యమైన సంగతి తల్లిదండ్రులు గమనించే వయసూ, ఎంఆర్ రెండో మోతాదు వయసూ ఒకటే కావడంతో రెంటికీ ముడి పడుతోంది.

"పోలియో పోయింది కదా, ఇంకా చుక్కలెందుకు?" అన్నదానికి జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో, పోలియో లేదన్న ధ్రువీకరణ 2014 మార్చిలో. 2016లో హైదరాబాద్ మురుగునీటిలో చుక్కల టీకాలోని వైరస్ నుంచి మారిన టైప్-2 పోలియో వైరస్ బయటపడింది. ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు ఐపీవీ (పోలియో టీకా) సూది వేశారు.

2017లో ఎంఆర్ టీకా ఉద్యమం నడిచినప్పుడు పిల్లలు పుట్టరన్న పుకారు లేచింది. అది మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంది. రుబెల్లా భాగం ఉన్నదే పుట్టబోయే బిడ్డ కోసం. గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు, కంటిలో శుక్లం, గుండె లోపం రావచ్చు. మగపిల్లలకు కూడా వేసేది ఇంట్లో గర్భిణికి అంటించకుండా.

ఓఆర్ఎస్ (విరేచనాలప్పుడు తాగించే ఉప్పు–చక్కెర ద్రావణం) సంగతీ ఇక్కడే రాయాలి. పేరులో ఆ మూడక్షరాలు పెట్టుకుని చక్కెర పానీయాలు అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాల సంస్థ అలాంటి పేర్లను నిషేధించింది. అసలు ఓఆర్ఎస్ పొడి 20.5 గ్రాములు, దానికి సరిగ్గా లీటరు నీళ్లు. చక్కెర మోతాదు మించితే పేగు నీటిని లోపలికి పీల్చదు సరికదా, ఒంట్లోని నీటిని తనలోకి లాగి విరేచనాలు పెంచుతుంది. చిన్న పొట్లాలు 200 ఎంఎల్‌కు ఉంటాయి, ముందు అట్ట చదవండి. లీటరు పొట్లంలో కాస్త గ్లాసులో వేసి మిగతాది మడిచిపెట్టడం వద్దు. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాలి.

బీపీ పరీక్షలు

ఇవి ఆగింది మా లోపం వల్లే. మెట్లెక్కి వచ్చినవాళ్లను కూర్చోబెట్టీ పెట్టకుండానే పట్టీ కట్టాం, లావు చేతులకూ అదే పట్టీ వాడాం. పట్టీ ఇరుకైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. కాఫీ తాగి అరగంట కావాలి, మూత్రం ఆపుకుని ఉండకూడదు, వీపు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం ఎడంతో రెండుసార్లు చూడాలి. ఆ రోజుల్లో 140/90 దాటిందని చీటీ రాసిచ్చిన సభ్యులందరూ మళ్లీ చూపించుకోండి, ఆ అంకెలను బట్టి మందులు మొదలుపెట్టవద్దు. పెద్ద పట్టీ ఒకటి కొనడానికి ఈ సమావేశం అనుమతి కోరుతున్నాం.

వచ్చే ఏడాది

జూన్‌లో బడులు తెరిచే వారం 5, 10, 16 ఏళ్ల పిల్లల కార్డులు చూస్తాం. కార్డు పోయినవాళ్లు పుట్టిన ఆసుపత్రి పేరు, బిడ్డ పుట్టిన తేదీ, అప్పట్లో ఇచ్చిన ఫోన్ నంబరు తీసుకురండి. ఏఎన్ఎం రిజిస్టరులో వెతికించి కొత్త కార్డు రాయిస్తారు. ఏ వివరమూ దొరక్కపోతే టీకా పడనట్టుగానే లెక్కవేసి వయసును బట్టి వేస్తారు. ఇదివరకు పడిందే మరోసారి పడినా బిడ్డకు హాని లేదు.