కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: కంప్యూటర్ గది, డీవీడీల ఆలస్యం

సభ్యులందరికీ నమస్కారం.

నీటి ట్యాంకుల శుభ్రత, వీధి దీపాలు, చందాల వసూలు యథాప్రకారం సాగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాం. ఈసారి వివరంగా చెప్పవలసింది కంప్యూటర్ గది సంగతి. వినాయక చవితి, ఉగాది వేడుకల డీవీడీలు ఎప్పుడిస్తారని అడగని సభ్యులు లేరు.

డీవీడీలు రాసే రైటరు 16ఎక్స్‌ది, అంటే మూల వేగానికి 16 రెట్ల వేగంతో రాసేది. డిస్కులూ 16ఎక్స్‌వే. అయినా ఒక్కో డిస్కుకు గంట దగ్గర పట్టేది. కొన్నయితే సగంలో ఎర్రర్ చూపించి పనికిరాకుండా పోయేవి. రైటరు పాడైందని తేల్చి కొత్తది కొనే తీర్మానం కూడా సిద్ధమైంది. కోశాధికారి గారు ససేమిరా అనడం సంఘానికి మేలే చేసింది.

డీవీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు సుమారు 1.385 మెగాబైట్లు. 16ఎక్స్‌కు 22 మెగాబైట్లు దాటుతుంది. అంత డేటా హార్డ్ డిస్కు నుంచి ఎడతెగకుండా అందకపోతే ఎంత మంచి రైటరైనా ఆగి ఆగి రాయవలసిందే. మన గదిలో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. హార్డ్ డిస్కును, రైటరును మదర్‌బోర్డుకు కలిపే ఐడీఈ కేబుల్ మీద బదిలీ పొరపాట్లు పదే పదే వస్తే అది డీఎంఏ (ప్రాసెసర్ మీద భారం లేకుండా డేటా నేరుగా మెమరీకి చేరే పద్ధతి) స్థాయిని మెట్టు మెట్టుగా తగ్గిస్తూ చివరకు పీఐఓ అనే నెమ్మది పద్ధతికి దించేస్తుంది. ఆ మాట తనంతట తాను తెర మీద చెప్పదు. పీఐఓలో డేటా మోత అంతా ప్రాసెసర్ మీదే పడుతుంది కాబట్టి బర్న్ (డిస్కు మీద రాయడం) అవుతున్నంతసేపూ మౌస్ కూడా మొరాయించేది.

కంప్యూటర్లు తెలిసిన మన యువ సభ్యుడొకరు విండోస్ డివైస్ మేనేజర్‌లో రైటరు తగిలించి ఉన్న సెకండరీ ఐడీఈ ఛానల్ తెరిచి చూసి దీన్ని పట్టుకున్నారు. నలిగిపోయిన పాత కేబుల్ తీసి 80 తీగలది వేసి, ఆ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయగానే డీఎంఏ తిరిగి వచ్చింది. కేబుల్ మార్చి ఊరుకుంటే చాలదు. ఛానల్‌ను విండోస్ కొత్తగా గుర్తిస్తేనే పాత స్థాయి వస్తుంది.

ఇళ్లలో ఇదే ఇబ్బంది పడుతున్నవారు బయట తగిలించే రైటరైతే ముందు పోర్టు చూసుకోండి. యూఎస్‌బీ 1.1 పోర్టు సెకనుకు 12 మెగాబిట్లకు మించి ఇవ్వదు, అంటే డీవీడీకి 1ఎక్స్ కూడా కష్టమే. కొన్ని కంపెనీల డిస్కులకు మాత్రమే స్పీడు తగ్గుతుంటే, ఆ డిస్కు గుర్తింపు కోడ్ రైటరు ఫర్మ్‌వేర్‌కు (దాని లోపల ఉండే సాఫ్ట్‌వేర్‌కు) తెలియకపోవడం కారణం కావచ్చు. తయారీదారు ఇచ్చే కొత్త ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చు కానీ, మన కరెంటు కోతల్లో యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే రైటరే మూలపడుతుంది.

ఇకపై సంఘం డిస్కులన్నీ 8ఎక్స్‌లోనే బర్న్ చేయాలని నిర్ణయించాం. 16ఎక్స్ పెట్టినా ఆ వేగం అంచు దగ్గరకు చేరాకే వస్తుంది కాబట్టి కలిసొచ్చేది రెండు మూడు నిమిషాలే. దానికోసం డిస్కులు తగలేయడం అనవసరం.

ఉగాది డీవీడీలు అందనివారు ఆదివారం ఉదయం కార్యాలయంలో తీసుకోవచ్చు. బర్న్ చేసిన డిస్కుల్లోని రంగు పొర కాలక్రమంలో వెలిసిపోతుంది గనుక వీడియోల అసలు ప్రతులు దాచేందుకు ఒక హార్డ్ డిస్కు కొనాలన్న ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాం. కోశాధికారి గారు దీనికి ఇప్పటికే ఒప్పుకున్నారు.

కార్యదర్శి