జామతోటకు రాత్రి వచ్చే రెక్కల పురుగు

సంపాదకులకు నమస్కారములు.

వానాకాలపు జామ కాపు చేతికి వచ్చే ఈ రోజుల్లో మా విజయనగరం జిల్లా తోటల్లో దోరకాయలు, పండ్లు గుండుసూది మోపినంత రంధ్రంతో రాలిపోతుంటే, రైతులు అది పండు ఈగ పనేననుకొని చెట్లకు మందు మీద మందు కొడుతున్నారు. రాలిన పండును కోసి చూస్తే తేడా తెలుస్తుంది. ఈగ పొడిచిన పండులో తెల్లని పురుగులుంటాయి. పురుగు లేకుండా, రంధ్రం చుట్టూ గుజ్జు మెత్తబడి, నొక్కితే రసం చిమ్ముతుంటే అది రసం పీల్చే రెక్కల పురుగు చేసిన నష్టం.

1763లో లిన్నేయస్ వర్ణించిన ఈ జాతిని శాస్త్రవేత్తలు యూడోసిమా ఫలోనియా అంటారు. ఆఫ్రికా నుంచి మన దేశం, ఆగ్నేయాసియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా ఇది ఉంది. రెక్కలు చాపితే 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు రెక్కలు ఈనెలతో సహా ఎండుటాకులా ఉండడం వల్ల పగలు పక్కనే వాలి ఉన్నా కనబడదు. కదిలిస్తే మాత్రం నల్లని వంపు మచ్చ, నల్లంచు ఉన్న నారింజ రంగు వెనుక రెక్కలు బయటపడతాయి. తక్కిన రెక్కల పురుగుల్లో చాలావాటిది పూలతేనె తాగే మెత్తని గొట్టం కాగా, దీని గొట్టం కొన గట్టిగా, ముళ్లతో ఉండి జామ, బత్తాయి, దానిమ్మ, మామిడి తొక్కలను ఛేదించగలదు. పీల్చిన రసం కొంచెమే. ఆ రంధ్రం గుండా చేరే బూజు పండంతటినీ కుళ్లబెడుతుంది.

దీని గొంగళిపురుగు జామాకును ముట్టదు. కంచెల మీద అల్లుకునే తిప్పతీగ, దూసరితీగ ఆకులే దాని ఆహారం. ఒంటికి రెండు పక్కలా కళ్లవంటి మచ్చలతో, తల వంచి వెనుకభాగం పైకెత్తి కూర్చునే దానిని చూసి పిల్లలు జడుసుకుంటారు గాని, అది కుట్టదు, కరవదు. పిల్లపురుగు తీగ మీద పెరిగి, తల్లిపురుగు చీకటి పడ్డాక పొదల నుంచి వచ్చి తాగి వెళ్లిపోతుంటే, జామచెట్టుకు కొట్టిన మందు తినేవారి నోటికి చేరడమే తప్ప దాని సంతతిని అరికట్టదు.

తిప్పతీగను పీకేయమనే సలహా తోట కంచె వరకే పాటించదగినది. ఊరంతా ఔషధంగా వాడుకునే తీగను, ఎంతో దూరం ఎగిరి రాగల పురుగు కోసం సమూలంగా తొలగించడం నాకు సమ్మతం కాదు. కాయలకు సంచులు కట్టడం, రాలిన పండ్లను ఏ రోజుకారోజు పూడ్చడం, రాత్రివేళ టార్చి వెలుగులో మెరిసే కళ్లను బట్టి పురుగులను ఏరివేయడం మేలు. ఉద్యాన శాఖ వారు రైతు సేవా కేంద్రాల ద్వారా సంచులు అందించి, పురుగు తోటలోకి వచ్చే రాత్రివేళే దానిని రైతులకు చూపించాలని కోరుతున్నాను. కాయ పక్వానికి రాకముందే సంచులు అందాలి. రాలడం మొదలైన తర్వాత అందితే ఆ కాపుకు అవి పనికిరావు.

ఇట్లు,
ఒక జామతోట రైతు,
గజపతినగరం, విజయనగరం జిల్లా.