మా పెరట్లో చేసిన నేల పరీక్ష రిపోర్టు ఎక్కడుంది?

క్రైస్ట్‌చర్చ్, న్యూజిలాండ్, జులై 2013

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

విషయం: రిచ్‌మండ్‌లోని మా ఇంటి భూకంప బీమా క్లెయిమ్, దానికోసం చేసిన నేల పరీక్ష, ఆ తర్వాత మీ మౌనం

నమస్కారం.

మీ వెబ్‌సైట్‌లో "మీకు వీలైన భాషలో రాయండి, అనువాదం మేం చేయించుకుంటాం" అని ఉంది. ఇంగ్లీషులో రాసినవాటికి ఎలాగూ జవాబు రాలేదు కాబట్టి, తెలుగులో రాస్తే కొత్తగా పోయేదేమీ లేదనుకున్నాను. అనువాదం చేసేవారైనా మొదటి నుంచి చివరిదాకా చదవక తప్పదు కదా. మీ కంపెనీలో నా ఉత్తరం అంతదూరం వెళ్లడం ఇదే మొదటిసారి అవుతుంది.

ఇంటికి ఏం నష్టం జరిగిందో ఇక్కడ మళ్లీ రాయను. అదంతా మీ ఫైల్లో ఉంది. ఫోటోలు కూడా ఉన్నాయి, ఒక్కొక్కటీ చాలా కాపీలు ఉండాలి, ఎందుకంటే కేసు చూసే మనిషి మారినప్పుడల్లా అవే ఫోటోలు మళ్లీ పంపమన్నారు. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12:51కి వచ్చిన భూకంపంలో దెబ్బతిన్న ఇల్లు, నష్టం ప్రభుత్వ భూకంప బీమా సంస్థ ఈక్యూసీ ఇచ్చే లక్ష డాలర్ల పరిమితి దాటింది, అందువల్ల క్లెయిమ్ మీ చేతికి వచ్చింది. ఇంతవరకు మీకూ నాకూ పేచీ లేదు.

ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం మా స్థలాన్ని టీసీ3 అని తేల్చింది. అంటే పెద్ద భూకంపం వస్తే నేల మళ్లీ మెత్తబడి బాగా కుంగవచ్చు, కాబట్టి ప్రతి స్థలానికీ విడిగా లోతు పరీక్ష చేయించి, దాన్నిబట్టి పునాది డిజైన్ చేయాలి. ఇలాంటి స్థలాలు ఊరి మొత్తం మీద సుమారు 28,000 ఉన్నాయట. ఈ అంకె నాకు మీ ఏజెంట్ల వల్లే తెలిసింది. నేను ఫోన్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని ఓదార్పులాగా చెప్పేవారు, "మీరొక్కరే కాదు మేడమ్" అని. నేనొక్కదాన్నే అయితే బాగుండేదేమో, కనీసం పేరు గుర్తుండేది.

పరీక్ష జరిగింది. అది మీరు కాదనలేరు. పొద్దున్నే ఒక ట్రక్కు వచ్చి మా పెరట్లో గడ్డిని నలిపేసి నిలబడింది. చివర కోను ఉన్న ఇనుప కడ్డీని భూమిలోకి దించడం మొదలుపెట్టారు. సుత్తితో కొట్టలేదు, ఒకే వేగంతో, సెకనుకి 2 సెంటీమీటర్ల చొప్పున నొక్కుకుంటూ పోయారు. మీటరు పొడవు కడ్డీ అయిపోగానే దాని మీద ఇంకొకటి బిగించారు. ఆ కోను లోపలికి వెళ్తున్నకొద్దీ నేల ఎంత గట్టిగా అడ్డుకుంటోందో, అంచు మీద ఎంత రాపిడి పుడుతోందో, మట్టిలోని నీరు ఎంత ఒత్తిడి పెడుతోందో కంప్యూటర్ తెర మీద గీతలుగా వస్తోంది. ట్రక్కులో ఉన్న అబ్బాయి మంచివాడు. నేను టీ తీసుకెళ్తే తెర నా వైపు తిప్పి చూపించాడు. పైనున్న కొద్దిపాటి గట్టి పొర దాటగానే గీత ఎడమ అంచుకి అతుక్కుపోయి కిందికి జారింది. "ఇదంతా వదులు ఇసుక, నీళ్లలో నానుతోంది" అన్నాడు. తర్వాత ఆ రంధ్రం పూడ్చి, గడ్డి పెళ్ల మళ్లీ సర్ది, థాంక్యూ చెప్పి వెళ్లిపోయాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు సూటిగా ఒక మాట చెప్పిన మనిషి అతనొక్కడే. అతను మీ ఉద్యోగి కాదు.

ఇక అక్కడి నుంచి చూడండి.

రిపోర్టు ఎప్పుడిస్తారని మీకు ఫోన్ చేస్తే "ఇంజినీరింగ్ కంపెనీ దగ్గర ఉంది" అన్నారు. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి చాలా మర్యాదగా "మా క్లయింట్ మీరు కాదండీ, బీమా కంపెనీ" అంది. పరీక్ష నా పెరట్లో, రంధ్రం నా గడ్డిలో, ఇల్లు నాది, క్లయింట్ మాత్రం మీరు! సరే, క్లయింట్ గారినే అడుగుదామని మళ్లీ మీకు చేస్తే, "ఏరియా మొత్తం రిపోర్టు వచ్చాక మీది విడిగా తీస్తాం" అన్నారు. ఇంటింటికీ విడిగా పరీక్ష చేయాలన్నందుకే కదా ట్రక్కు వచ్చింది, మళ్లీ ఏరియా ఎందుకు అంటే "అది నా పరిధిలో లేదు" అన్నారు. పరిధిలో ఉన్నవారిని ఇవ్వండి అంటే లైన్ కట్ అయింది. కట్ చేశారని అనను. మీ లైన్లు సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే బలహీనపడుతుంటాయి.

ఆ తర్వాత ఒకాయన ఉత్సాహంగా "మీ డేటా జియోటెక్నికల్ డేటాబేస్‌లో పెట్టేశాం, మీరే చూసుకోవచ్చు" అన్నారు. ఎంత సంతోషించానో! రాత్రి కూర్చుని ప్రయత్నిస్తే అది ఇంజినీర్లు వాడుకునే డేటాబేస్. లోపలికి వెళ్లాలంటే నేను ఇంజినీరుని కావాలి. ఈ వయసులో మళ్లీ కాలేజీలో చేరమని ఆయన ఉద్దేశమేమో. నిజం చెప్పాలంటే, మీ రిపోర్టు కోసం ఎదురుచూడటం కన్నా డిగ్రీయే ముందు చేతికొచ్చేటట్టుంది.

ఇంకొకావిడ "భూమి ఈక్యూసీ చూస్తుంది, మేం ఇల్లు మాత్రమే చూస్తాం" అన్నారు. అక్కడ కనుక్కుంటే, ఇంటి పునాది డిజైన్‌కి చేసిన పరీక్ష గురించి ఆ పరీక్ష చేయించినవారినే అడగాలి అన్నారు. న్యాయమైన మాటే. ఆ మాట మీకు చేరవేస్తే ఆవిడ సెలవులో ఉన్నారు. ఆవిడ స్థానంలో వచ్చినవారు "మీ కేసు నాకు కొత్త, మొదటి నుంచి చెప్పండి" అన్నారు. అందరూ అదే అంటారు. చెప్పీ చెప్పీ నాకు కంఠతా వచ్చేసింది, మా అత్తగారికి కూడా. ఒకసారి నా గొంతు పోతే ఆవిడే పక్కనుంచి అందించారు.

ఇప్పుడు మీ ఏజెంట్ల పాండిత్యం గురించి.

ఒకాయన నాకు భూగర్భశాస్త్రం చెప్పారు. "ఒకసారి నీళ్లు, ఇసుక బయటికి వచ్చేశాయి కదా మేడమ్, ఇక నేల సర్దుకుని గట్టిపడి ఉంటుంది." అయ్యా, మా వీధిలో 2010 సెప్టెంబరు 4న ఇసుక ఉబికింది. 2011 ఫిబ్రవరి 22న అంతకన్నా ఎక్కువ ఉబికింది. జూన్ 13న మళ్లీ వచ్చింది. డిసెంబరు 23న, పండగ సామాన్లు సర్దుకుంటుంటే మళ్లీ వచ్చింది. వదులు ఇసుక రేణువులు ఊగినప్పుడు దగ్గరికి చేరాలని చూస్తాయి, మధ్యలో ఉన్న నీటికి పోయే దారి ఉండదు, ఆ నీటి ఒత్తిడి పెరిగి రేణువులు ఒకదాన్నొకటి ఆనుకోకుండా తేలిపోతాయి, అప్పుడు నేల నేలగా ఉండదు. ఊగడం ఆగాక నీరు తప్పించుకునే క్రమంలో పైపొరలు మళ్లీ వదులుగానే మిగలవచ్చు. ఇది నేను చదువుకుని తెలుసుకున్నది. మీరు జీతమిచ్చే మనిషికి నేను ఫోన్‌లో పాఠం చెప్పాల్సి వచ్చింది. అంతా విని ఆయన "ఇంకేమైనా సహాయం కావాలా?" అన్నారు. ఇంకేమైనా!

మరొకరు "గోడలకు పెద్ద పగుళ్లు లేవు కదా, అంటే పునాది బాగానే ఉన్నట్టే" అని తేల్చేశారు. 1964లో జపాన్‌లోని నీగాటాలో నాలుగంతస్తుల అపార్టుమెంట్లు పెద్దగా పగలకుండానే వెనక్కి ఒరిగిపోయాయి, ఒకటైతే దాదాపు పూర్తిగా పడుకుండిపోయింది. నేల ఇలా ద్రవంలా మారడం (లిక్విఫాక్షన్) గురించి ఏ పుస్తకం తెరిచినా ఆ ఫోటో ఉంటుంది. మా ఇల్లు అంత ఒరగలేదు, నిజమే. కానీ మీరు పంపిన సర్వేయరే లెవెల్ పెట్టి కొలిచి, ఇంటి ఈ చివర నుంచి ఆ చివరకి 80 మిల్లీమీటర్ల పైన తేడా రాసుకుని వెళ్లారు. 50 దాటితే లెవెల్ సరిచేయాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం మీ దగ్గర లేదంటే నమ్మను. పోగొట్టుకున్నామంటే నమ్ముతాను.

ఇంతా అయ్యాక పోయిన నెల మీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క పేజీ. కవరు మందం చూసే నాకు అనుమానం వచ్చింది. అందులో "డెస్క్‌టాప్ స్టడీ ప్రకారం టీసీ2 తరహా పునాది సరిపోతుంది" అని ఉంది. డెస్క్‌టాప్ స్టడీ అంటే, కుర్చీలో కూర్చుని మ్యాపులు, చుట్టుపక్కల పరీక్షలు చూసి రాసేది. మరి మా పెరట్లో పరీక్ష ఏమైంది? దాని ఊసే లేదు. టీసీ2 అంటే మామూలుగా వచ్చే స్థాయి భూకంపంలో 50 మిల్లీమీటర్లు, అరుదుగా వచ్చే పెద్దదాంట్లో 100 మిల్లీమీటర్లు మించి కుంగని నేల. ప్రభుత్వం టీసీ3 అన్న స్థలం మీ డెస్కు మీదికి రాగానే టీసీ2 ఎలా అయిందో, ఆ మహిమ గల డెస్కు ఎక్కడ దొరుకుతుందో చెబితే మా వీధి వాళ్లందరం తలా ఒకటి కొనుక్కుంటాం. స్థలం మారితే మారవచ్చు, పరీక్ష ఫలితం నిజంగా బాగుంటే ఒప్పుకుంటాను, నాకంటే సంతోషించేవాళ్లుండరు. అది చూపించమనే అడుగుతున్నాను. ఆ ఉత్తరం కింద సంతకం కూడా లేదు, "క్లెయిమ్స్ టీమ్" అని ఉందంతే. పైగా మా వీధి పేరు తప్పు. ఆ వీధి కూడా రిచ్‌మండ్‌లోనే ఉంది కాబట్టి మీరు మరీ దారి తప్పలేదనుకోవాలి.

ఒక విషయంలో మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఫోన్ పెట్టిన నిమిషంలో "మా సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు?" అని మెసేజ్ వస్తుంది. అది ఎప్పుడూ ఆలస్యం కాలేదు. ప్రీమియం కూడా అంతే. ఫిబ్రవరి భూకంపం తర్వాత మా ఇంటికి కరెంటు లేదు, నీళ్లు లేవు, టాయిలెట్ లేదు, వీధంతా బూడిదరంగు బురద, ఎండితే పొడిగా లేచి కళ్లలో పడేది. బ్యాంకు నుంచి మీ ప్రీమియం మాత్రం ఠంచనుగా కట్ అయింది. ఆ బురద ఎత్తడానికి యూనివర్సిటీ పిల్లలు పారలు పట్టుకుని వచ్చారు. వాళ్లలో ఒక్కరు కూడా నా రిఫరెన్స్ నంబర్ అడగలేదు.

ఈ దేశం వచ్చినప్పటి నుంచి ఇల్లు, సామాను, కారు, అన్నీ మీ దగ్గరే. మా ఆయన తమ్ముడు వస్తే, ఆయన్నీ మీ దగ్గరికే తీసుకొచ్చాం. తక్కువ ధరకి ఇస్తామని వేరేవాళ్లు వచ్చినా "కష్టకాలంలో తెలిసినవాళ్లే మేలు" అని పంపించేశాను. ఇప్పుడు మా ఆయన ఆ మాట గుర్తు చేసి నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

నదికి ఆనుకుని ఉన్న వీధుల్లో మా స్నేహితుల ఇళ్లు, ఇక అక్కడ ఉండటం కుదరదని ప్రభుత్వం తేల్చిన రెడ్ జోన్‌లో పడ్డాయి. 2007 నాటి మదింపు విలువకి కొంటామని ప్రభుత్వం అంది. ఇళ్లు వదులుకుని ఏడుస్తూ వెళ్లారు, అది చిన్న నష్టమని నేను అనను. కానీ వాళ్లకి ఒక జవాబు దొరికింది, తేదీతో సహా. మాకు గ్రీన్ జోన్ అన్నారు, ఉండొచ్చన్నారు. ఎలా ఉండాలో, దేని మీద ఉండాలో చెప్పాల్సినవాళ్లు మీరు. వానాకాలం వస్తే భూమట్టం తగ్గిన మా పెరట్లో నీళ్లు నిలబడుతున్నాయి. తలుపులు అడుగున కోసుకుని వాడుకుంటున్నాం. ఇల్లు అమ్ముదామన్నా కొనేవాడు మొదట అడిగేది ఆ రిపోర్టే.

ఆలస్యం చేస్తే మీకేం లాభమని ఒకసారి ఆలోచించాను. కోర్టులో దావా వేయడానికి ఆరేళ్ల కాలపరిమితి అనే మాట ఒక లాయర్ నోట విన్నాక టెన్షన్ మొదలైంది. మీరు కావాలనే చేస్తున్నారని అనడం లేదు. కావాలని ఏదైనా చేసేంత శ్రద్ధ నా ఫైల్ మీద మీకుందని నాకు అనిపించడం లేదు.

కాబట్టి మా పెరట్లో చేసిన పరీక్ష పూర్తి రిపోర్టు, గీతలతో సహా, పంపండి. టీసీ2 సరిపోతుందని రాసిన ఇంజినీరు ఎవరో, ఏ లెక్క చూసి రాశారో, పేరూ సంతకంతో చెప్పండి. మా ఇంటికొచ్చి మాట్లాడే మనిషి ఒకరు కావాలి, అడిగితే జవాబిచ్చే మనిషి, వచ్చే నెల కూడా అదే ఉద్యోగంలో ఉండే మనిషి. ఇన్నాళ్ల తిప్పలకి ఏం చేస్తారో అది మీ మర్యాదకే వదిలేస్తున్నాను. ఈ నెలాఖరుకి ఏదీ రాకపోతే బీమా ఫిర్యాదులు చూసే ఇన్సూరెన్స్ అండ్ సేవింగ్స్ ఆంబుడ్స్‌మన్‌కి ఈ ఉత్తరం వెళ్తుంది. అక్కడా తేలకపోతే భూకంప కేసుల కోసం క్రైస్ట్‌చర్చ్ హైకోర్టులో విడిగా పెట్టిన జాబితాలో మా పేరు చేరుతుంది. పత్రికలవాళ్లకీ రాస్తాను. మా వీధిలో మీ పాలసీలున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆదివారం అందరం మా ఇంట్లోనే, ఆ వంకర నేల మీదే, కుర్చీలు వేసుకుని కూర్చోబోతున్నాం. కావాలంటే మీరూ రండి. కుర్చీ జారితే పట్టుకోవడానికి మనుషులుంటారు.

ఇట్లు,
మీ పాత కస్టమరు
(పేరు, చిరునామా, క్లెయిమ్ నంబర్ పై కవరు మీద ఉన్నాయి. వీధి పేరు దయచేసి అక్కడి నుంచే చూసి రాసుకోండి.)

తా.క.: ఉత్తరం అందిందని చెబుతూ మరో కొత్త రిఫరెన్స్ నంబర్ పంపవద్దు. ఉన్నవే ఎక్కడ రాసుకోవాలో తెలియడం లేదు.